ఊరి గోడ మీద సముద్రపు తాబేలు: బొమ్మ వేయడం ఎలా?

తీరం వెంట ఉన్న ఊళ్ల నుంచి టీచర్లూ, యువజన సంఘాలవాళ్లూ తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "బడి గోడ ఖాళీగా ఉంది, తాబేళ్ల గురించి బొమ్మ వేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఆ వెంటనే మిగతావీ వస్తాయి: ఏ పెయింట్ కొనాలి, పిల్లలతో వేయించొచ్చా, ఒక్క వానాకాలానికే ఊడిపోకుండా ఏం చేయాలి. అన్నిటికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ఉదాహరణగా ఆలివ్ రిడ్లే తాబేలును తీసుకున్నాను. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన ఇసుక తీరాలకు ఇది ఏటా గుడ్లు పెట్టడానికి వస్తుంది, ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్యలో. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి. మీది కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల పక్క ఊరైతే బావురు పిల్లిని (చేపలు పట్టి తినే అడవి పిల్లి), కడప జిల్లా లంకమల అడవి దగ్గరైతే కలివికోడి అనే అరుదైన పక్షిని, తెలంగాణలో బెజ్జూరు వైపైతే రాబందును వేసుకోండి. పద్ధతి అదే, జంతువు మారుతుంది.

ఒక్క మాట ముందే. అందంగా ఉండి, చూసినవాళ్లకు ఏం చేయాలో చెప్పని బొమ్మ గోడకు అలంకారం అవుతుంది, తాబేలుకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ సంగతి మనసులో పెట్టుకుని రాసిందే.

కావలసినవి

20 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న గోడకు, అంటే 160 చదరపు అడుగులకు, లెక్క ఇది:

- బయటి గోడలకు వాడే ప్రైమర్: 2 లీటర్లు
- బయటి గోడల ఎమల్షన్ (నీళ్లతో కలిపే పెయింట్), తెలుపు: 4 లీటర్ల డబ్బా. రెండు కోట్లకు లీటరు దాదాపు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది. గోడ గరుకుగా ఉంటే ఇంకా తక్కువ వస్తుంది
- పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్, నలుపు, నీలం: అదే ఎమల్షన్‌లో ఒక్కో లీటరు
- బ్రష్షులు: 4 అంగుళాలవి రెండు, 2 అంగుళాలవి నాలుగు, అంగుళానివి ఆరు, గీతలకు సన్నవి నాలుగు. ఒక రోలర్
- గీకే పట్టీ, తీగ బ్రష్షు, ఎమరీ పేపర్, బయటి గోడకు పనికొచ్చే వైట్ సిమెంట్ లప్పం కొద్దిగా
- టేపు, రసమట్టం, నూలు, సుద్దముక్కలు, బొగ్గు
- పాత ఎక్స్‌రే ఫిల్ములు, స్పాంజి ముక్కలు (పిల్లల పనికి)
- మూతలున్న డబ్బాలు, పాత గుడ్డలు, రెండు బకెట్లు
- గట్టి పరంజా. అద్దెకు దొరుకుతుంది. డ్రమ్ముల మీద చెక్క వేసి నిలబడే ఏర్పాటు వద్దు

ఎనామెల్ పెయింట్ మెరుస్తుంది కదా అని కొనకండి. చెమ్మ ఉన్న సిమెంట్ గోడ మీద అది బుడగలు లేచి పొరలుగా ఊడుతుంది. లోపలి గోడలకు వాడే డిస్టెంపర్ అసలే వద్దు, మొదటి వానకే కారిపోతుంది.

కొనేటప్పుడు ఒక చిట్కా. ఎండకు ముందుగా వెలిసిపోయేవి మిరుమిట్లు గొలిపే ఎరుపు, పసుపు, గులాబీ రంగులు. ఆక్సైడ్ రంగులు, నలుపు, తెలుపు చాలాకాలం నిలుస్తాయి. అదృష్టవశాత్తూ మన తాబేలుకు కావలసింది అవే. పసుపు ఆక్సైడ్‌లో నలుపు కొద్దికొద్దిగా కలుపుతూ పోతే ఆలివ్ ఆకుపచ్చ వస్తుంది. దానికి ప్రత్యేకంగా డబ్బా కొనక్కర్లేదు.

1. ఊరివాళ్లతో కూర్చోండి

చాలామంది ఇది వదిలేసి నేరుగా పెయింట్ షాపుకు వెళ్తారు. మత్స్యకార గ్రామమైతే పెద్దలతో, బోటు సరంగులతో, చేపలమ్మే ఆడవాళ్లతో ముందు మాట్లాడాలి. తాబేలు ఏ నెలలో వస్తుంది, తీరంలో ఏ వైపు ఎక్కువగా ఎక్కుతుంది, ఊళ్లో దాన్ని ఏమంటారు, ఇదివరకు గుడ్లు తినేవారా, ఇప్పుడెవరూ ఎందుకు తినడం లేదు వంటివి అడగండి. అడిగేవాళ్లు నోట్‌బుక్ పట్టుకున్న పిల్లలైతే పెద్దవాళ్లు ఇంకా ఓపిగ్గా చెప్తారు.

స్థానికులకు తెలిసినది తక్కువేమీ కాదు. 1900 తర్వాత కనబడక అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. వెతుకుతున్నది పక్షి శాస్త్రవేత్తలే, కానీ దాన్ని పట్టి తెచ్చింది అక్కడి పొదలు బాగా ఎరిగిన స్థానికుడు.

వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు కాబట్టి ఈ సమావేశాలకు ఆ 61 రోజులు అనుకూలం. గోడ పని మాత్రం ఆ ఎండల్లో పెట్టుకోకండి. వానలు, తుపానులు వెళ్లాక డిసెంబరులో మొదలుపెడితే తాబేళ్లు వచ్చే వేళకు బొమ్మ సిద్ధమవుతుంది.

హెచ్చరిక: మత్స్యకారుణ్ని దోషిగా చూపే బొమ్మ వేయకండి. రక్తం కారే వల, ఏడుస్తున్న తాబేలు, పక్కన కత్తి పట్టిన మనిషి లాంటివి పట్నంలో ఎగ్జిబిషన్‌కు బాగుంటాయేమో. ఊరి గోడ మీద వేస్తే రోజూ ఆ దారిన నడిచే మనిషిని అవమానించినట్టే. బొమ్మ మీద పేడ పడినా ఆశ్చర్యం లేదు. అదే మనిషి వల విప్పి తాబేలును నీళ్లలోకి వదులుతున్నట్టు వేయండి. తీరంలో చాలామంది నిజంగానే అలా చేస్తున్నారు.

2. ఒక్క జంతువు, ఒక్క పని ఎంచుకోండి

తాబేలు, డాల్ఫిన్, తిమింగలం, పులి, నెమలి అన్నీ ఒకే గోడ మీద ఉంటే చూసేవాళ్లకు ఏదీ గుర్తుండదు. ఒక్కటి చాలు. అలాగే ఆ బొమ్మ చూసి మనిషి చేయాల్సిన పని కూడా ఒక్కటే ఉండాలి. గోడ ఎక్కడుందో దాన్నిబట్టి ఆ పని మారుతుంది:

- జెట్టీ, బోట్లు నిలిపే చోటు దగ్గరైతే: వలలో పడ్డ తాబేలును విడిపించడం. తాబేలు గాలి పీల్చే జీవి. నీళ్లలో వలకు చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది.
- పర్యాటకులు వచ్చే బీచ్ దారిలో అయితే: రాత్రిపూట లైట్లు, టార్చీలు వేయకపోవడం. పిల్లలు గుడ్డు నుంచి బయటికి రాగానే వెలుతురు ఉన్న వైపు పాకుతాయి. సముద్రం మీది మసక వెలుగు వాటికి దారి. బల్బు వెలిగితే రోడ్డు మీదికి వస్తాయి.
- బడి గోడైతే: గూడు కనబడితే తవ్వకుండా పెద్దవాళ్లకు, అటవీశాఖకు చెప్పడం, కుక్కల్ని దూరంగా తోలడం.

మూడూ చెప్పాలనిపిస్తే మూడు గోడలు వెతుక్కోండి.

3. గోడ, అనుమతి

గోడ ఎవరిదో తేల్చుకుని కాగితం మీద అనుమతి తీసుకోండి. బడి అయితే ప్రధానోపాధ్యాయుడు, పంచాయతీ గోడైతే సర్పంచ్ సంతకంతో తీర్మానం, పట్టణంలో అయితే మున్సిపల్ కమిషనర్. అభయారణ్యం పరిధిలో అయితే అటవీశాఖ. నోటిమాట అనుమతిని నమ్ముకోవద్దు. ఎన్నికలు రాగానే గోడలకు సున్నం కొట్టేస్తారు, అప్పుడు చూపించడానికి కాగితం కావాలి. గుడి గోడ, పురావస్తు కట్టడం, బండరాయి, చెట్టు మానుల జోలికి వెళ్లొద్దు.

రంగుల విషయంలోనూ జాగ్రత్త. పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వేయడం మీద 2020లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మీ బొమ్మ వెనుక పట్టీలు ఏ పార్టీ జెండానైనా గుర్తుకు తెస్తున్నాయేమో చిత్తు బొమ్మ దగ్గరే చూసుకోండి. తర్వాత తలనొప్పి తప్పుతుంది.

గోడను ఇలా పరీక్షించండి:

- అరచేత్తో గట్టిగా రుద్దండి. తెల్లపొడి అంటితే పాత సున్నం. అది పూర్తిగా గీకాల్సిందే, లేకపోతే మీ పెయింట్ దానితోపాటే ఊడుతుంది.
- రెండడుగుల పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు నీటి బిందువులు కనిపిస్తే గోడలో చెమ్మ ఉంది. ముందు అది ఎక్కడి నుంచి వస్తోందో చూసి సరిచేయించండి, లేదా వేరే గోడ చూసుకోండి.
- కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే కనీసం 28 రోజులు ఆగండి.
- సముద్రం దగ్గర గోడల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడే తీగ బ్రష్షుతో రాల్చి, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వాలి. వారంలో మళ్లీ ఉప్పు పేరుకుంటే ఆ గోడ మీద డబ్బు పెట్టకండి.

4. బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. ఇంటర్నెట్‌లో దొరికిన మొదటి తాబేలు బొమ్మను దించేస్తే అది సముద్రపు తాబేలు కాకపోవచ్చు, సముద్రపు తాబేలే అయినా ఆలివ్ రిడ్లే కాకపోవచ్చు. రోజూ సముద్రం మీదికి వెళ్లేవాళ్లు దాన్ని చూసి "ఇది మన తాబేలు కాదు" అంటే మీ మిగతా మాటలూ ఎవరూ పట్టించుకోరు.

*కాళ్లు.* సముద్రపు తాబేలుకు ఉండేవి తెడ్ల లాంటి రెక్కలు. ముందువి పొడవు, వెనుకవి పొట్టి. వేళ్లు, గోళ్లతో లావుపాటి కాళ్లు వేస్తే అది నేల తాబేలు.

*తల.* సముద్రపు తాబేలు తలను డిప్పలోకి లాక్కోలేదు. సగం తల బయటికి పెట్టి తొంగిచూస్తున్నట్టు వేయకండి.

*డిప్ప.* ఆలివ్ రిడ్లే డిప్ప పొడవు, వెడల్పు దాదాపు సమానంగా, పైనుంచి చూస్తే కొంచెం హృదయాకారంలో ఉంటుంది. పక్కల పలకలు లెక్కపెట్టండి. దీనికి ఒక్కో వైపు అయిదు నుంచి తొమ్మిది దాకా, మామూలుగా ఆరు లేదా ఏడు ఉంటాయి. నాలుగే వేస్తే అది పచ్చ తాబేలు అవుతుంది.

*చుక్కలు.* శ్రీకాకుళం వైపు ఈ తప్పు ఎక్కువ. శ్రీకూర్మం గుళ్లో చూసిన నక్షత్ర తాబేళ్లు మనసులో ఉండి, డిప్ప మీద పసుపు గీతల నక్షత్రాలు వేసేస్తారు. అది నేల మీద బతికే వేరే జీవి. ఆలివ్ రిడ్లే డిప్ప మీద ఏ నక్షత్రాలూ ఉండవు, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. కడుపు వైపు లేత పసుపు. అప్పుడే పుట్టిన పిల్లలు మాత్రం దాదాపు నల్లగా ఉంటాయి.

*తల్లీపిల్లలు.* గుడ్ల పక్కన కూర్చున్న తల్లి, వెనకాల వరసగా పిల్లలు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కానీ నిజం కాదు. తల్లి రాత్రిపూట ఒడ్డుకు వచ్చి, వెనుక రెక్కలతో గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గూటి దగ్గరికి రాదు. 45 నుంచి 60 రోజుల తర్వాత పిల్లలు వాటంతటవే బయటికి వస్తాయి. తల్లి కాపలా ఉంటుందన్నట్టు బొమ్మ వేస్తే, గూడును మనం కాపాడాలన్న సంగతే మరుగున పడుతుంది. ఒకవైపు గుడ్లు పెట్టే తల్లి, మధ్యలో ఖాళీ ఇసుక, చివర్లో నీటివైపు నడిచే పిల్లలు అన్నట్టు వేరుచేసి చూపించండి.

*గుడ్లు.* పింగ్‌పాంగ్ బంతిలా గుండ్రంగా, తెల్లగా ఉంటాయి. కోడిగుడ్డు ఆకారం వద్దు.

*వెనుక దృశ్యం.* రంగురంగుల పగడాలు, నారింజ చారల చేపలు తీసేయండి. మీ తీరంలో ఏముందో అది వేయండి. ఫైబర్ బోటు, సరుగుడు తోట, ఇసుక మీద పాకే ఊదాపూల తీగ, దూరంగా లైట్‌హౌస్. తమ ఊరిని గోడ మీద గుర్తుపట్టినవాళ్లు అక్కడ ఆగి చూస్తారు.

*కొలత.* పెద్ద తాబేలు డిప్ప 60 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది. ప్రధాన బొమ్మ ఎంత పెద్దదైనా, గోడ కింది భాగంలో ఒక్కటి మాత్రం అసలు కొలతలో వేయండి. పిల్లలు దాని పక్కన కూర్చుని చేతులతో కొలుచుకుంటారు.

బావురు పిల్లి వేసేవాళ్లకు రెండు మాటలు. అది చిరుతపులి పిల్ల కాదు. తోక పొట్టి, ఒంటి పొడవులో సగం కన్నా తక్కువ. చెవులు చిన్నవి, గుండ్రనివి. నల్లమచ్చలు వరసలుగా ఉంటాయి. చిరుతలా వేస్తే జనం భయపడతారు. మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

చిత్తు బొమ్మ అయ్యాక అటవీశాఖ రేంజ్ కార్యాలయంలో ఒకరికి, సముద్రం మీదికి వెళ్లే ఇద్దరికి చూపించండి. వాళ్లు తప్పు చెప్తే కాగితం మీదే దిద్దుకోవచ్చు.

5. మాటలు రాయడం

వాక్యం చిన్నదిగా, ఊళ్లో మాట్లాడినట్టు ఉండాలి. "సముద్ర కూర్మాల పరిరక్షణ మనందరి బాధ్యత" అని రాస్తే ఎవరూ చదవరు, చదివినా ఏం చేయాలో తెలియదు. ఇలా రాయండి:

"గుడ్లు కనబడ్డాయా? తవ్వొద్దు. ఈ నంబరుకు ఫోన్ చేయండి."
"రాత్రి తీరంలో టార్చి వేయొద్దు. పిల్ల తాబేలు దారి తప్పుతుంది."
"వలలో తాబేలు పడిందా? ముందు దాన్ని విడిపించండి."

జైలు, జరిమానా అని పెద్దక్షరాలతో రాయమని కొందరు సలహా ఇస్తారు. నేనైతే వద్దంటాను. భయపడినవాడు చచ్చిన తాబేలును ఇసుకలో పూడ్చి ఊరుకుంటాడు, ఎవరికీ చెప్పడు. మనకు కావలసింది ఫోన్ చేసే మనిషి.

అక్షరాల సైజుకు ఒక లెక్క ఉంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. ముప్పై అడుగుల అవతల రోడ్డు ఉంటే మూడు అంగుళాలు. కానీ మన గుణింతాలకు, వత్తులకు అది చాలదు. అయిదారు అంగుళాలు పెట్టుకుని, వరసల మధ్య వత్తు పట్టేంత చోటు వదలండి. అక్షరాల పని బోర్డులు రాసే ఆర్టిస్టుకే ఇవ్వండి. బొమ్మలో చిన్న వంకర చెల్లుతుంది, అక్షరదోషం చెల్లదు. రాయకముందు తెలుగు టీచర్‌తో ఒకసారి చదివించండి.

ఫోన్ నంబరు అటవీశాఖ కార్యాలయానిదే ఉండాలి, ఎవరి సొంత నంబరూ వద్దు. రాసే ముందు ఆ నంబరుకు ఫోన్ చేసి చూడండి, రాత్రిపూట కూడా. నంబరును బొమ్మ మధ్యలో కాకుండా ఒక మూల విడిగా తెల్ల పలకలా రాస్తే మారినప్పుడు అంతవరకే దిద్దుకోవచ్చు.

6. గోడ సిద్ధం చేసి, బొమ్మ దించండి

గీకడం, రుద్దడం, కడగడం పెద్దవాళ్ల పని. పాత ఎనామెల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది (గృహాలంకరణ పెయింట్లలో సీసానికి కఠినమైన పరిమితి మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది). అందుకే పొడిగా రుద్దొద్దు, నీళ్లు చల్లుకుంటూ రుద్దండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. పిల్లల్ని ఆ రోజు దూరంగా ఉంచండి.

పగుళ్లకు లప్పం పెట్టి, ఆరాక ఎమరీ పేపరుతో నున్నగా చేసి, ప్రైమర్ ఒక కోటు, ఆ తర్వాత తెలుపు రెండు కోట్లు. కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. సూటిగా ఎండ పడే వేళ వద్దు, రంగు పైపైన ఆరి పగులుతుంది. తీరంలో డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచు పడి గోడ తడిగా ఉంటుంది. చేత్తో తాకి చూసి, తడి ఆరాకే మొదలుపెట్టండి.

బొమ్మ దించడానికి గళ్ల పద్ధతి అందరికీ వచ్చేస్తుంది. చిత్తు బొమ్మ మీద అంగుళం గళ్లు, గోడ మీద అడుగు గళ్లు. 20 అంగుళాల కాగితం 20 అడుగుల గోడ అవుతుంది. మొదటి అడ్డగీత, నిలువుగీత రసమట్టంతో చూసుకోండి. అవి వంకరైతే మొత్తం వంకరే. గళ్లకు బొగ్గుతో చాలా తేలిగ్గా గీయండి. నూలుకు నీలం పొడి అద్ది కొట్టడం మేస్త్రీలకు అలవాటే, కానీ ఇక్కడ తడి తెల్లరంగులో కలిసి మరక అవుతుంది. ఒక్కో గడిలో ఉన్న గీతను దాని గడిలోకి దించాక, రోడ్డు అవతలికి వెళ్లి చూడండి. దగ్గర నుంచి బాగున్న రెక్క దూరం నుంచి తోకలా కనిపించవచ్చు.

గళ్లు కష్టమనిపిస్తే అసలు కొలతలో కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గోడకు అంటించి, పలచని గుడ్డలో కట్టిన బొగ్గుపొడి అద్దండి. అక్షరాలకు ఇది ఇంకా బాగా పనికొస్తుంది.

7. రంగులు వేయండి

వెనుకవి ముందు, ముందువి తర్వాత. ఆకాశం, సముద్రం, ఇసుక, ఆ తర్వాత తాబేలు, చివర గీతలు, అక్షరాలు. కావలసిన రంగును ఒకేసారి ఎక్కువగా కలిపి మూత పెట్టుకోండి. రెండోరోజు అదే ఛాయ మళ్లీ రాదు. ఎన్ని చెంచాల పసుపుకు ఎన్ని చెంచాల నలుపో రాసి పెట్టుకోండి.

ఇక్కడ జరిగే తప్పులు: ఎక్కువ వస్తుందని నీళ్లు పోసేయడం (ఆరాక పొడిపొడిగా రాలుతుంది), తక్కువ ధరకు వస్తుందని తెలుపులో స్టెయినర్ (రంగు తెప్పించడానికి కలిపే చిక్కటి ద్రవం) మోతాదుకు మించి కలపడం (సరిగా ఆరదు, చేతికి అంటుతుంది), కింది కోటు ఆరకముందే పై కోటు వేయడం.

పిల్లలకు ఇచ్చే పని వాళ్ల భుజం ఎత్తు దాటకూడదు. పరంజా ఎక్కనివ్వొద్దు. కరెంటు తీగలున్న వైపు పెద్దవాళ్లు కూడా ఎక్కొద్దు. ఎక్స్‌రే ఫిల్మును పిల్ల తాబేలు ఆకారంలో కత్తిరించి ఇస్తే ఒక్కో విద్యార్థి ఒక్కో పిల్ల తాబేలును వేసుకోవచ్చు. బ్రష్షు వద్దు, స్పాంజితో అద్దించండి. స్పాంజికి రంగు ఎక్కువైతే ఫిల్ము కిందికి పాకుతుంది, ముందు కాగితం మీద ఒకసారి అద్దమని చెప్పండి. తాను వేసిన తాబేలు గోడ మీద ఉందంటే ఆ ఇంట్లో వాళ్లంతా ఆ గోడను తమదిగా చూసుకుంటారు.

బ్రష్షులు కడిగిన నీళ్లను మురుగు కాలువలోకో, ఏటిలోకో వదలకండి. బకెట్లో ఉంచి, మడ్డి అడుక్కి దిగాక పైనీటితో మళ్లీ కడుక్కోండి. ఆఖరి మడ్డిని ఆరబెట్టి చెత్తతో పంపించండి.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది: తీరం వైపు ఉన్న బొమ్మకు రాత్రి లైట్లు పెట్టకండి. తాబేలు పిల్లలను దారి తప్పించే వెలుతురును తాబేలు బొమ్మ కోసమే వెలిగించినట్టవుతుంది.

గోడ దొరక్కపోతే

సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టండి. తాబేళ్లు వచ్చే కాలమూ అదే. ఖర్చు దాదాపు ఉండదు, ఆడవాళ్లే స్వయంగా వేస్తారు. చుక్కల లెక్కతో తాబేలు ముగ్గు తయారుచేసి ముందే పంచితే వీధి వీధికీ వెళ్తుంది.

ఇసుక శిల్పం మరో దారి. పూరీలో ఇసుక శిల్పి సుదర్శన్ పట్నాయక్ ఇసుకతో తాబేళ్లను చేసి చూపించారు. గుడ్లు పెట్టే కాలంలో అయితే గూళ్లున్న చోట తవ్వొద్దు, ముందు అటవీ సిబ్బందిని అడగండి.

గుడ్డ మీదా వేయొచ్చు. అస్సాంలో హర్గిలా అనే పెద్ద కొంగను మురికి పక్షి, అపశకునం అని దాని గూళ్లున్న చెట్లు నరికేసేవారు. జీవశాస్త్రవేత్త పూర్ణిమా దేవి బర్మన్ గ్రామ మహిళలను కూడగట్టారు. వాళ్లు తమ మగ్గాల మీద ఆ పక్షినే నేసి అమ్ముతున్నారు. ఈ కృషికి 2022లో ఆమెకు ఐక్యరాజ్యసమితి 'ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్' గౌరవం దక్కింది. మనకు పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లు ఉన్నారు. ఒక తాబేలు అచ్చు చెక్కించుకుంటే సంచులు, తువాళ్లు, బడి జెండాలు అన్నిటికీ పనికొస్తుంది. సీతంపేట వైపు సవర చిత్రకళలో వేయించాలనుకుంటే సవర కళాకారులనే పిలిచి, తగిన డబ్బిచ్చి వేయించండి. వాళ్ల పూజతో ముడిపడ్డ బొమ్మలను మనం చూసి దించడం సరికాదు.

పనిచేసిందా లేదా ఎలా తెలుస్తుంది?

రంగు సంగతి ముందు. పూర్తిగా ఆరాక ఒక మూల గట్టి టేపు అంటించి ఒక్కసారి లాగండి. రంగు టేపుతో వస్తే కింద గోడ సరిగా సిద్ధం కాలేదు. అక్కడ గీకి ప్రైమర్ నుంచి మళ్లీ వేయాలి. మొదటి పెద్ద వాన తర్వాత గోడ కింది అడుగు భాగాన్ని చూడండి, ఊడటం అక్కడే మొదలవుతుంది.

బొమ్మ సంగతి: పనిలో పాల్గొనని నలుగురైదుగురిని ఆపి రెండే ప్రశ్నలు అడగండి. "ఇది ఏ జంతువు?" "ఇది చూశాక మీరేం చేయాలి?" చదువురాని అవ్వను కూడా అడగండి. రెండో ప్రశ్నకు "తాబేళ్లను కాపాడాలి" అన్న జవాబు వస్తే చాలదు. "గుడ్లు కనబడితే ఫోన్ చేయాలి" అన్న జవాబు రావాలి. రాకపోతే బొమ్మలో ఫోన్ పట్టుకున్న మనిషినో, ఆర్పేసిన లైటునో ఇంకా పెద్దదిగా చేర్చండి. ఈ ప్రశ్నలు చిత్తు దశలో ఒకసారి, గోడ పూర్తయ్యాక ఒకసారి, గుడ్ల కాలం మధ్యలో ఒకసారి అడిగి జవాబులు పిల్లలతో రాయించి పెట్టండి. ఏప్రిల్‌లో రేంజ్ కార్యాలయానికి వెళ్లి మీ ఊరి నుంచి ఫోన్లు వచ్చాయా, నిరుటికన్నా ఎక్కువా తక్కువా అని కనుక్కోండి.

ఏటా డిసెంబరులో గోడను మెత్తని బ్రష్షుతో, మంచినీళ్లతో కడిగి, ఉప్పు పేరుకున్న చోట్లు చూసి, ఫోన్ నంబరు ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోండి. దానికోసం ప్రతి రంగూ ఒక చిన్న గాజుసీసాలో నిండా పోసి, గట్టిగా మూత బిగించి, రంగు పాళ్లు చీటీ మీద రాసి అంటించి బడి బీరువాలో పెట్టండి. సీసాలో రంగు గడ్డకట్టినా చీటీ ఉంటే అదే ఆలివ్ ఆకుపచ్చను మళ్లీ కలుపుకోవచ్చు.